పన్నెండున్నర రావలసిన చోట పదకొండే ఎందుకు?

ప్రశ్న: మా రెండు కంప్యూటర్లను తీగతో కలిపిన లైను వేగం 100 ఎంబీపీఎస్ అని సెట్టింగులలో కనిపిస్తోంది. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు రావాలి. విండోస్‌లో పెద్ద ఫైలును కాపీ చేస్తున్నప్పుడు మాత్రం అంకె 11.3 దగ్గరే నిలిచిపోతోంది. తప్పు నా లెక్కలో ఉందా, లైనులో ఉందా?

జవాబు: రెండింటిలోనూ లేదు. ఎంబీపీఎస్‌లోని బీ బిట్‌కు గుర్తు, కాపీ కిటికీలో కనిపించే ఎంబీలోని బీ బైట్‌కు గుర్తు. ఎనిమిది బిట్లు ఒక బైట్ కనుక మీ భాగహారం సరైనదే. ఆంగ్లంలో బిట్‌కు చిన్న బీ, బైట్‌కు పెద్ద బీ రాసి తేడా చూపుతారు. తెలుగు లిపిలో ఆ వీలు లేదు కాబట్టి ఈ శీర్షికలో మెగాబిట్లు, మెగాబైట్లు అని పూర్తిగా రాయడమే నాకు క్షేమంగా తోస్తుంది.

ఇక తగ్గిన 1.2 సంగతి. ఇందులో సుమారు సగం నిజంగానే ఖర్చయింది, మిగతా సగం లెక్కపెట్టే పద్ధతిలో మాత్రమే తగ్గింది.

ముందు ఖర్చు చూద్దాం. ఫైలు లైను మీద ఏకధారగా పారదు, ప్యాకెట్లుగా తెగి వెళ్తుంది. మీ తీగ లైను పాటించే ఈథర్‌నెట్ పద్ధతిలో ఒక్కో ప్యాకెట్‌కు మామూలు పరిమితి 1,500 బైట్లు. అందులో ప్యాకెట్ ఏ కంప్యూటరుకు చేరాలో చెప్పే ఐపీ హెడర్‌కు (ముందుండే వివరాల చీటీకి) 20, ముక్కల వరుస చెప్పే టీసీపీ హెడర్‌కు 20 పోగా మీ ఫైలుకు దక్కేది 1,460. ఆ 1,500 బైట్లకు పైన పంపేవారి, అందుకునేవారి చిరునామాలుండే 14 బైట్ల హెడర్, దారిలో ఏమైనా చెడిందేమో సరిచూడడానికి 4 బైట్లు, ప్యాకెట్ వస్తోందని ముందుగా హెచ్చరించే 8 బైట్లు, తరువాతి ప్యాకెట్‌కు ముందు తప్పక వదలవలసిన 12 బైట్లంత విరామం, వెరసి మరో 38 చేరుతాయి. 1,460 బైట్ల సరుకు చేరవేయడానికి లైను 1,538 బైట్లకు పట్టేంత సమయం పని చేస్తోందన్నమాట. ఇది 94.9 శాతం. 12.5లో 94.9 శాతం తీస్తే సెకనుకు 11.87 మెగాబైట్లు, అంటే దాదాపు 1,18,66,000 బైట్లు.

ఇక్కడి నుంచి ఒక్క బైటు కూడా పోదు. నెట్‌వర్క్ లెక్కల్లో మెగా అంటే ఎప్పుడూ పది లక్షలే. విండోస్ మాత్రం 1,024ను 1,024తో హెచ్చించగా వచ్చిన 10,48,576 బైట్లను ఒక మెగాబైట్‌గా పట్టుకుంటుంది. పై సంఖ్యను దానితో భాగించి చూడండి, మీకు కనిపించిన 11.3 వస్తుంది. ఈ పెద్ద కొలతకు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లోనే మెబిబైట్ అని వేరే పేరు పెట్టింది. విండోస్ లెక్క మెబిబైట్లలో కట్టి, పక్కన మెగాబైట్ అని రాస్తుంది. ఈ గందరగోళంలో ఎక్కువ పాలు దానిదేనని నా అభిప్రాయం. అయితే పాత 1.44 మెగాబైట్ల ఫ్లాపీ ఇంతకన్నా ఘనమైనది. దాని సామర్థ్యం 1,440ని 1,024తో హెచ్చిస్తే వచ్చే 14,74,560 బైట్లు, అంటే అది వెయ్యిని వెయ్యితో హెచ్చించే పదుల లెక్కకూ చెందదు, 1,024ను 1,024తో హెచ్చించే రెండుల లెక్కకూ చెందదు!

ఇదంతా తీగ లైనుకు వర్తించే లెక్క. వైఫైలో పరికరాలన్నీ ఒకే గాలిని వంతులవారీగా వాడుకోవాలి కనుక అక్కడ తరుగు ఇంతకన్నా చాలా ఎక్కువగా ఉంటుంది.

ప్రశ్న: యూఎస్‌బీ 3.0 వేగం 5 గిగాబిట్లని చదివి, సెకనుకు 625 మెగాబైట్లు వస్తాయనుకున్నాను. మంచి ఎస్ఎస్‌డీ తగిలించినా 450 దాటడం లేదు. ఇక్కడ కూడా కారణం ప్యాకెట్లేనా?

జవాబు: ప్యాకెట్లు రెండో కారణం. ఈ లైను మీద ప్రతి ఎనిమిది బిట్ల సమాచారాన్ని పది బిట్లుగా మార్చి పంపుతారు. సున్నాలు, ఒకట్లు సమతూకంలో ఉండడానికి, అవతలి వైపు గడియారం తాళం తప్పకుండా ఉండడానికి ఆ అదనపు బిట్లు అవసరం. కనుక ఇక్కడ ఎనిమిదితో కాక పదితో భాగించాలి. గరిష్ఠంగా 500 మెగాబైట్లు వస్తాయి, అందులోంచి ప్యాకెట్ల ఖర్చు పోతుంది. కంప్యూటరు లోపల డిస్కును కలిపే 6 గిగాబిట్ల సాటా లైనుకు 600 అని చెప్పేదీ ఈ లెక్క ప్రకారమే. 10 గిగాబిట్ల యూఎస్‌బీలో 128 బిట్లకు 132 బిట్లు మాత్రమే పంపుతారు కాబట్టి అక్కడ తరుగు స్వల్పం.

మొదటి పాఠకుని 100 మెగాబిట్ల లైనులోనూ ఇలాంటి మార్పిడి ఉంది: నాలుగు బిట్లు ఐదుగా మారి, తీగ మీద 125 మెగాబిట్ల చొప్పున నడుస్తాయి. కాని ఈథర్‌నెట్‌లో ఆ తరుగు తీసేశాకే 100 అని ప్రకటిస్తారు, యూఎస్‌బీ 3.0లో తీయకుండానే 5 అని ప్రకటిస్తారు. అందుచేత ఒక అంకెను భాగించే ముందు, అది తీగ మీది బిట్లను లెక్కిస్తోందా, సమాచారపు బిట్లను లెక్కిస్తోందా అని చూసుకోవాలి.

ప్రశ్న: వీడియో బిట్‌రేటు, అంటే సెకనుకు ఎన్ని బిట్లో, తెలిస్తే గంటకు ఎంత డేటా ఖర్చవుతుందో నోటిలెక్కతో చెప్పవచ్చునా?

జవాబు: చెప్పవచ్చు. గంటకు 3,600 సెకన్లు. దానిని ఎనిమిదితో, ఆపైన వెయ్యితో భాగిస్తే 0.45 వస్తుంది. మెగాబిట్లలో ఉన్న బిట్‌రేటును సగం చేసి, వచ్చిన దానిలో పదో వంతు తీసేస్తే గంటకయ్యే గిగాబైట్లు తేలుతాయి. 8 మెగాబిట్ల వీడియోకు సగం 4, అందులో పదో వంతు పోతే 3.6 గిగాబైట్లు.