ప్యానెల్ ట్రక్కు వెనుక తలుపులు దొరకకపోతే?

ప్రశ్న: నా దగ్గర 1951 నాటి షెవ్రొలే హాఫ్ టన్ను ప్యానెల్ ట్రక్కు (పక్క కిటికీలు లేని, మూసిన బాడీ సరుకు బండి) ఉంది. వెనుక తలుపుల్లో ఎడమది లేనే లేదు. కుడిదాని కింది భాగాన్ని జానెడు మేర తుప్పు తినేసింది. పాత యజమాని ఖాళీకి ప్లైవుడ్ పలక బిగించి వదిలేశారు. సరిపోయే తలుపుల కోసం ఎక్కడ వెతకాలి? దొరకకపోతే కొత్తవి చేయించవచ్చా?

జవాబు: ప్యానెల్ ట్రక్కుల తలుపుల కోసమే వెతికితే మీకు దొరికేది తక్కువ. అదే కాలపు ప్రయాణికుల బండి షెవ్రొలే సబర్బన్‌ను రెండు పద్ధతుల్లో అమ్మేవారు: ఒకదానికి కిందికీ పైకీ తెరుచుకునే గేట్లు, రెండోదానికి ప్యానెల్ ట్రక్కు మాదిరిగా పక్కలకు తెరుచుకునే జంట తలుపులు. ఈ రెండో రకం సబర్బన్‌నూ, జీఎంసీ (షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్‌దే మరో బ్రాండు) పేరుతో వచ్చిన సోదర వాహనాలనూ కూడా మీ వెతుకులాటలో చేర్చుకోండి. ఈ బాడీ 1947లో మొదలైంది. అయితే 1955 మోడల్ సంవత్సరంలో పాత బాడీ, కొత్త బాడీ రెండూ అమ్ముడయ్యాయి కనుక, అమ్మేవారు ‘1955ది’ అన్నంత మాత్రాన నమ్మి డబ్బు కట్టకుండా ఫొటోలు, కొలతలు తెప్పించుకోవాలి. రేకు పాడైపోయినా బందులు, గొళ్ళెం, లోపలి కడ్డీలు పూర్తిగా ఉన్న తలుపు దొరికితే వదలకండి. రేకును ఎవరైనా వంచగలరు గాని, ఆ విడిభాగాలను కొత్తగా చేయించడం చాలా శ్రమతో కూడిన పని.

తలుపులు చేయించడం సాధ్యమే, కాని దానికి ముందు ద్వారం సంగతి తేల్చుకోవాలి. ఏళ్ల తరబడి తలుపు లేకుండా నిలిచిన బాడీలో గడప తుప్పు పట్టి, నిలువు స్తంభాలు పక్కకు ఒరిగి ఉండే అవకాశం ఎక్కువ. బాడీని సమతలంగా నిలిపి ద్వారం కర్ణాలు రెండూ కొలవండి. పై మూలలు గుండ్రంగా ఉంటాయి కనుక, మూలల నుంచి కాకుండా రెండు వైపులా సరిగ్గా ఒకే చోట ఉన్న బందుల బోల్టు రంధ్రాల నుంచి టేపు పట్టాలి. తేడా కనిపిస్తే ముందు గడపను బాగుచేసి, ద్వారానికి అడ్డంగా ఇనుప కడ్డీలు తాత్కాలికంగా వెల్డ్ చేసి నిలబెట్టాకే మిగతా పని. వంకర ద్వారానికి తగ్గట్టు తలుపు చేయించుకుంటే, తర్వాత అసలు తలుపు దొరికినా అది పట్టదు.

మిగిలిన కుడి తలుపును పారవేయకండి. దాని బయటి అంచు, పై వంపు, బందుల స్థానాలను అట్టపై గీసి తిరగవేస్తే ఎడమ తలుపు నమూనా చాలావరకు వస్తుంది. రెండు తలుపులూ కలిసే నిలువు అంచు మాత్రం అలా రాదు: ఒకదాని పెదవి మరొకదాని మీదికి వస్తుంది, గొళ్ళెం అమరికా వేరు. ఆ అంచును ద్వారంలో నిలబెట్టి చూసే నిర్ణయించాలి. రేకు మీద స్కేలును నిలువుగా, అడ్డంగా ఆనించి చూడండి. స్కేలు కింద ఒకే దిశలో వెలుతురు కనిపిస్తే వంపు రోలర్ల మీద తీయవచ్చు. రెండు దిశల్లోనూ కనిపిస్తే ఇంగ్లిష్ వీల్ (రెండు చక్రాల మధ్య రేకును నడిపి వంపు తీసే యంత్రం) తెలిసిన టింకరింగ్ పనివారు కావలసిందే.

బయటి రేకు 18 గేజు, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ముందు లోపలి చట్రం తయారుచేసి, అసలు బందుల మీద వేలాడదీసి, రబ్బరు బీడింగ్ అంటించి మూసి చూడండి. రబ్బరు మందాన్ని లెక్కలోకి తీసుకోని తలుపు ఎంత అందంగా ఉన్నా గొళ్ళెం పడదు. చట్రం సరిపడ్డాకే రేకు అంచులను దానిమీదికి మడిచి, వేడికి రేకు ఉబ్బకుండా దూరదూరంగా చిన్న వెల్డింగ్ చుక్కలు పెట్టించండి. మడతలోకి వెళ్లే చోట ముందే జింకు ప్రైమర్ పూయాలి. కింది అంచున నీరు దిగిపోయే రంధ్రాలు తప్పనిసరి, మీ కుడి తలుపును తిన్న తుప్పుకు చోటిచ్చింది ఆ అంచే కదా. పెయింటింగ్ అంతా ముగిశాక, ఆ రంధ్రాలు పూడుకుపోకుండా చూస్తూ, తలుపు లోపలి బోలులోకి తుప్పు నిరోధక మైనం కొట్టించండి.