డాక్టర్ దగ్గర దాచాం, ఇప్పుడు భయంగా ఉంది

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. మూడు వారాల్లో హెర్నియా ఆపరేషన్. పదేళ్లుగా రోజూ రాత్రి క్వార్టర్ విస్కీ తాగుతారు. అలవాటుందా అని డాక్టర్ అడిగితే ‘ఎప్పుడైనా ఫంక్షన్లలో’ అన్నారు. పక్కనే ఉన్న నేనూ తలూపాను. ఇప్పుడు చెబుదామంటే పరువు పోతుందని కోప్పడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, ఒంగోలు

జవాబు: మీరు తలూపినందుకు తప్పుపట్టనమ్మా. మన ఇళ్లలో తాగుడు సంగతి వీధంతా తెలుస్తుంది, డాక్టర్‌కి తప్ప. కానీ ఆపరేషన్‌కి ముందే ఈ మాట చెప్పి తీరాలి.

రోజూ తాగే మనిషికి ఆస్పత్రిలో చేరగానే మద్యం ఒక్కసారిగా ఆగిపోతుంది. మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవ్వచ్చు. కొందరికి రెండు రోజుల్లోపు ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులయ్యాక ఇంకొందరు గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ సెలైన్ పీకేసుకుంటారు. గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించిన వాళ్లను చూశాను. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. ముందే తెలిస్తే బి1 విటమిన్, ఫిట్స్ రాకుండా మందులు ఇచ్చి కాచుకుంటారు.

‘క్వార్టరే కదా’ అంటారేమో. 180 మిల్లీలీటర్ల విస్కీ అంటే, డ్రింకుకి 10 గ్రాముల ఆల్కహాల్ చొప్పున, దాదాపు ఆరు డ్రింకులు. తాగుడు అలవాటు ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ‘ఆడిట్’ అనే పది ప్రశ్నలున్నాయి. స్కోరు 8 గానీ ఆపైన గానీ వస్తే జాగ్రత్తపడాల్సిందే. డాక్టర్ అడిగింది నిందించడానికి కాదని ఆయనకు అర్థమయ్యేలా చెప్పండి.

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ విడిగా చూస్తారు. చెప్పడానికి అదే మంచి సమయం. ఎంత, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు తాగారు, ఇంతకుముందు మానినప్పుడు వణుకు వచ్చిందా – ఇవి చెబితే చాలు. ఆయన ఒప్పుకోకపోతే మీరే చెప్పి, అత్తగారి ముందు ప్రస్తావించవద్దని డాక్టర్‌ని కోరండి.

ఈలోగా సీసాలు దాచేసి ఒక్కసారిగా మాన్పించకండి. ఇంట్లో ఫిట్స్ వస్తే మీరొక్కరే ఏం చేయగలరు? మాన్పించే పొడి అంటూ ఎవరో ఇచ్చింది కూరలో కలపడం అంతకన్నా ప్రమాదం. ఆయనకు తెలియకుండా ఆ పొడి లోపలికి వెళ్లి, పైన మద్యం పడితే బీపీ పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు.

పూర్తిగా మానే విషయం ఆపరేషన్ అయ్యాక చూద్దాం. ఒంటికి దెబ్బ తగిలినప్పుడు మగవాళ్లు కాస్త మాట వింటారు, నా అనుభవంలో. డిశ్చార్జికి ముందే సైకియాట్రిస్ట్‌కి చూపించమని అడగండి. మీకు టెన్షన్‌గా ఉంటే ఈ రాత్రే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు.