రోబోలు నిజంగా ఉన్నాయా?

ప్రశ్న: సినిమాల్లో చూపించే రోబోలు నిజంగా ఉన్నాయా? ముందు ముందు ఇంటి పనులన్నీ అవే చేస్తాయా?

జవాబు: ఉన్నాయి. కాకపోతే చాలావాటికి తలా కాళ్లూ ఉండవు. 1961లోనే అమెరికాలోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో యూనిమేట్ అనే మరచేయి పనిలోకి దిగింది. అచ్చుల్లోంచి కాలే లోహపు భాగాలను బయటికి తీయడం దాని పని. ఇప్పుడు కార్లకు వెల్డింగ్ చేసేవి దాని వారసులే.

ఇప్పటి మరచేతికి సాధారణంగా ఆరు కీళ్లుంటాయి. ఒక్కో కీలులో చెప్పినంత మేరకే తిరిగే సర్వో మోటారు, వేగం తగ్గించి బలం పెంచే గేర్‌బాక్సు, ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్. నేర్పిన చోటికి వందసార్లు వెళ్లినా తేడా సాధారణంగా మిల్లీమీటరులో పదోవంతు దాటదు. గేర్ల పళ్లు అరిగాయా, వాటి మధ్య ఏర్పడే సందు వల్ల గురి తప్పుతుంది. చాలా మోడళ్లలో ఎన్‌కోడర్ బ్యాటరీ అయిపోయాక కరెంటు పోతే, చేయి తానెక్కడుందో మరిచిపోతుంది! అప్పుడు కీళ్లన్నిటినీ సున్నా గుర్తుల దగ్గరికి తెచ్చి మళ్లీ సరిచూడాలి.

ఆస్పత్రుల్లో ఆపరేషన్ రోబో అంటారు గానీ, దాన్ని కదిలించేది కన్సోల్ (దాన్ని నడిపే మీటలూ తెరా ఉన్న బల్ల) ముందు కూర్చున్న సర్జనే.

ఇంటి పనే అసలు కష్టం. తడిగ్లాసు జారుతుంటే మన వేళ్లు చటుక్కున పట్టు బిగిస్తాయి. రోబో స్పర్శ ఇంకా మొద్దుగానే ఉంది. నలిగిన చొక్కా ప్రతిసారీ కొత్త ఆకారమే కదా, మడతపెట్టడం దానికి పెద్ద పరీక్ష. పైగా రెండు కాళ్ల రోబోలకు కొద్ది గంటలకే ఛార్జింగ్ పెట్టాలి. అందుకే అవి ముందు గోదాముల్లో కుదురుకుంటాయి, వంటింటి దాకా రావడానికి ఇంకా సమయం పడుతుంది.