టెక్ సందేహాలు: ఉద్యోగం పోయిందా? ఈఎస్‌ఐ భృతికి ఫోన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు

ఈ వారం కొత్త ఫోన్లు, ల్యాప్‌టాపుల గురించి వచ్చిన ప్రశ్నలను పక్కన పెట్టి, ఉపాధి కోల్పోయిన వారి కుటుంబాల నుంచి వచ్చిన నాలుగు ఉత్తరాలకే ఈ స్థలమంతా కేటాయిస్తున్నాను. వీరు అడిగిన డబ్బు ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. నెలనెలా జీతంలో కోత పడుతూ జమైన చందా వల్ల ఏర్పడిన హక్కు. అది చేతికి అందకుండా పోతున్నది చాలాసార్లు అర్హత లేక కాదు, ఫోన్ నంబరో, పేరో, ఒక తేదీయో రికార్డులో సరిగ్గా లేక.

ప్రశ్న: అనంతపురం దగ్గర వాహనాల విడిభాగాలు తయారుచేసే కర్మాగారంలో మూడేళ్లు పనిచేశాను. నెలకు రూ.15,000 జీతం. ఆర్డర్లు తగ్గాయని కొంతమందిని తీసేశారు. నిరుద్యోగ భృతి వస్తుందంటున్నారు. కంప్యూటర్ లేదు, ఫోన్ మాత్రమే ఉంది. ఎలా దరఖాస్తు చేయాలి? (అనంతపురం పాఠకుడు)

జవాబు: ముందుగా మీ పాత జీతం చీటీ తీసి, అందులో ఈఎస్‌ఐ (కార్మిక రాజ్య బీమా) కోత ఉందో లేదో చూడండి. నెలకు రూ.21,000 వరకు వేతనం ఉన్నవారు ఈ పథకం పరిధిలోకి వస్తారు. 2019 జులై నుంచి కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే మీ జీతంలోంచి నెలకు సుమారు రూ.113 పోయి ఉండాలి. అది పోయి ఉంటే మీకు పది అంకెల బీమా సంఖ్య ఒకటి తప్పక ఉంటుంది.

మీకు వర్తించేది 2018 జులై 1న ప్రయోగాత్మకంగా మొదలై, విడతలవారీగా పొడిగింపులు పొందిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. గడువుతో నడిచే పథకం కనుక దరఖాస్తు చేసే రోజున అది అమల్లో ఉందో లేదో ఈఎస్‌ఐ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2526లో అడిగి తెలుసుకోండి. మొదట్లో సగటు దినసరి వేతనంలో 25 శాతం మాత్రమే ఇచ్చేవారు. కరోనా కాలంలో, 2020లో దాన్ని 50 శాతానికి పెంచి, అర్హతలను కూడా సడలించారు. ఉపాధి పోవడానికి ముందు కనీసం రెండేళ్లు బీమాలో ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు మరొకటి చొప్పున ఈఎస్‌ఐ ఏడాదిని రెండు చందా కాలాలుగా లెక్కిస్తుంది. ఉపాధి పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులకు, దానికి ముందున్న మూడింటిలో ఏదో ఒకదానిలో మరో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. దుష్ప్రవర్తన కారణంగా తొలగించిన వారికి, పదవీ విరమణ చేసిన వారికి, స్వచ్ఛంద విరమణ తీసుకున్న వారికి ఇది వర్తించదు.

మొత్తం ఎంత వస్తుందో మీరే లెక్కవేసుకోవచ్చు. చివరి నాలుగు చందా కాలాల ఆదాయాన్ని, అంటే రెండేళ్ల వేతనాన్ని, 730తో భాగించాలి. మీ విషయంలో రూ.3,60,000ను 730తో భాగిస్తే రోజుకు సుమారు రూ.493, అందులో సగం రూ.246, గరిష్ఠంగా ఇచ్చే 90 రోజులకు దాదాపు రూ.22,000. జీవితం మొత్తంలో 90 రోజులకే పరిమితమైన ఈ సాయం మూడు నెలల ఇంటి అద్దెకు, పిల్లల ఫీజులకు ఆసరా అవుతుంది. పని పోయిన 30 రోజుల తర్వాత ఇది చెల్లింపునకు అర్హమవుతుంది. గడిచిపోయిన రోజులకే తప్ప రాబోయే రోజులకు ముందుగా అడగడం కుదరదు.

ఇక ఫోన్‌లో పని. క్రోమ్ తెరిచి ఈఎస్‌ఐసీ డాట్ గవ్ డాట్ ఇన్ (esic.gov.in) అన్న చిరునామాను మీరే స్వయంగా టైపు చేయండి. గూగుల్‌లో వెతికి, పైన కనిపించిన ప్రకటన మీద నొక్కవద్దు. మెనూలు తెగిపోయినట్లు కనిపిస్తే, కుడివైపు పైనున్న మూడు చుక్కలను నొక్కి ‘డెస్క్‌టాప్ సైట్’ ఎంచుకుంటే పూర్తి పేజీ వస్తుంది. బీమా ఉన్న వ్యక్తి లాగిన్‌లోకి మీ బీమా సంఖ్యతో ప్రవేశించి, ఈ పథకం పేరుతో ఉన్న క్లెయిమ్ ఫారం నింపాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలను పగటి వెలుతురులో, నాలుగు మూలలూ కనిపించేలా ఫొటో తీసి జతచేయండి. పత్రాలను జతచేయగలిగితే అఫిడవిట్ అవసరమూ, కాగితాలతో కార్యాలయానికి వెళ్లే అవసరమూ లేకుండా 2020 నవంబరులోనే నిబంధన మార్చారు. జతచేయడం కుదరకపోతే ఫారాన్ని ముద్రించి, సంతకం చేసి, ఆ నకళ్లతో కలిపి ఈఎస్‌ఐ శాఖా కార్యాలయానికి నేరుగా గానీ తపాలా ద్వారా గానీ పంపవచ్చు. పాత యజమాని సంతకం కోసం తిరగాల్సిన పని లేదు. డబ్బు నేరుగా మీ ఖాతాలోనే పడుతుంది.

ఇక్కడ సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని మాట ఒకటి చెప్పక తప్పదు. మిమ్మల్ని చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ (పని తగ్గిందని సిబ్బందిని తగ్గించడం) కింద తొలగించి ఉంటే, లేదా కర్మాగారమే మూతపడి ఉంటే, 2005 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఇంతకంటే ఎంతో మేలు: మొదటి 12 నెలలు వేతనంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం. అయితే దానికి తొలగింపు రుజువు కావాలి. ‘స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను’ అని రాసిన కాగితం మీద తొందరలో సంతకం పెడితే ఆ దారి మూసుకుపోతుంది. తొలగింపు పత్రం, వాట్సాప్‌లో వచ్చిన సందేశాలు, హాజరు స్క్రీన్‌షాట్లు అన్నింటినీ ఒక ఫోల్డరులో దాచి, దాని నకలును గూగుల్ డ్రైవ్‌లోనూ ఉంచండి.

వైద్యం సంగతి మీరు అడగలేదు గానీ, పని పోగానే ఈఎస్‌ఐ కార్డు చెల్లదని చాలామంది దాన్ని పక్కన పడేస్తున్నారు. ఏప్రిల్–సెప్టెంబరు చందాకు వచ్చే జనవరి నుంచి జూన్ వరకు, అక్టోబరు–మార్చి చందాకు జులై నుంచి డిసెంబరు వరకు వైద్య సదుపాయం ఉంటుంది; ఈ భృతి పొందుతున్న రోజుల్లోనూ ఉంటుంది.

ప్రశ్న: ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు కర్మాగారంలో కాంట్రాక్టరు కింద పనిచేసిన నా తమ్ముడు ఈఎస్‌ఐ సైట్‌లో లాగిన్ అవుదామంటే ఓటీపీ అతని ఫోన్‌కు రావడం లేదు. సైట్ చెడిపోయిందా? (కడప జిల్లా పాఠకురాలు)

జవాబు: సైట్ చెడిపోలేదమ్మా. ఓటీపీ మరెవరి ఫోన్‌కో వెళుతోంది. పదుల మంది కూలీల వివరాలను ఒకేసారి నమోదు చేసేటప్పుడు, కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూసే వ్యక్తి అందరికీ తన నంబరే ఎక్కించేయడం నేను పదేపదే చూస్తున్న తప్పు. పనిలో ఉన్నంతకాలం ఇది ఎవరికీ కనబడదు. పని పోయిన రోజున ఆ కూలీలందరూ ఒక్క మనిషి దయ మీద ఆధారపడాల్సి వస్తుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. కర్మాగారం పేరు కాకుండా కాంట్రాక్టరు పేరే యజమానిగా నమోదై ఉంటుంది కాబట్టి, మొదట ఆ పేరు తెలుసుకుని నంబరు మార్పించమని అడగండి. వారు స్పందించకపోతే ఆధార్, పాస్‌బుక్, బీమా సంఖ్యలతో శాఖా కార్యాలయంలో రాతపూర్వకంగా అభ్యర్థించండి. ఆధార్‌కు అతని సొంత నంబరు జతచేసి ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే ముందు ఆధార్ కేంద్రంలో ఆ పని పూర్తిచేయాలి. ఖర్చు తగ్గించుకోవాలని సిమ్ రీఛార్జి మానేయవద్దు. 90 రోజులు వాడకుండా ఉంచిన నంబరును కంపెనీ రద్దు చేసి మరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీలు కొత్త మనిషికి వెళతాయి.

ప్రశ్న: ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు మానేసి నాలుగు నెలలైంది. పీఎఫ్ తీసుకుందామంటే పని మానేసిన తేదీ లేదని క్లెయిమ్ తిరస్కరిస్తోంది. మిల్లు వాళ్లు పట్టించుకోవడం లేదు. (కర్నూలు జిల్లా పాఠకుడు)

జవాబు: ఆ తేదీని మీరే నమోదు చేసుకోవచ్చు. పీఎఫ్ (భవిష్య నిధి) సభ్యుల పోర్టల్‌లో మీ యూఏఎన్‌తో, అంటే పీఎఫ్ సభ్యుడిగా మీకిచ్చిన సంఖ్యతో, లాగిన్ అయి, ‘మేనేజ్’ కింద ‘మార్క్ ఎగ్జిట్’ తెరవండి. చివరి చందా పడి రెండు నెలలు దాటాకే ఇది పనిచేస్తుంది. మీకు నాలుగు నెలలైంది కనుక అడ్డంకి లేదు. చివరి చందా పడిన నెలలోని తేదీనే వేయాలి కాబట్టి, పాస్‌బుక్‌లో ఆ నెల ఏదో ముందుగా చూసుకోండి. ఒకసారి నమోదు చేశాక మళ్లీ మార్చుకోలేరు, కాబట్టి తొందరపడవద్దు. ఆధార్ ఓటీపీతో పని పూర్తవుతుంది.

తర్వాత పేరు చూడండి. మన ప్రాంతంలో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట ఒక్క అక్షరంగా ఉండటం సర్వసాధారణం. కంప్యూటర్‌కు అవి ఇద్దరు వేర్వేరు మనుషులు. మీ యూఏఎన్ 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్ ఆధారంగా వచ్చినదైతే, మిల్లు ఆమోదం లేకుండానే పేరు, పుట్టిన తేదీ సరిచేసుకునే వీలు 2025 జనవరిలో కల్పించారు. బ్యాంకు చెక్కు ఫొటో జతచేయాలన్న నిబంధనను కూడా అదే ఏడాది ఏప్రిల్‌లో తీసేశారు. ఎంత తీసుకోవచ్చన్నది కూడా మారుతోంది. ఉపాధి పోగానే 75 శాతం వరకు ఇచ్చి, మిగిలినదాన్ని 12 నెలల నిరుద్యోగం తర్వాత ఇవ్వాలని పీఎఫ్ ధర్మకర్తల మండలి 2025 అక్టోబరు 13న నిర్ణయించింది. మీ తెర మీద కనిపించే మొత్తాన్నే ప్రమాణంగా తీసుకోండి. రెండు మూడు నెలల్లో కొత్త పని దొరుకుతుందన్న ఆశ ఉంటే పీఎఫ్‌ను ముట్టుకోకుండా, కొత్త చోటికి బదిలీ చేయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: నెలకు రూ.3,000 నిరుద్యోగ భృతి అంటూ వాట్సాప్‌లో లింకు వచ్చింది. అందులో ఇచ్చిన యాప్ వేసుకోమంటున్నారు. నమ్మవచ్చా? (ప్రొద్దుటూరు పాఠకుడు)

జవాబు: నమ్మవద్దు. మన రాష్ట్రంలో 2018 అక్టోబరు 2న చదువుకున్న నిరుద్యోగ యువతకు నెలకు రూ.1,000 ఇస్తూ యువనేస్తం మొదలై, తర్వాత ఆగిపోయింది. ఆ జ్ఞాపకాన్నీ, జనం ఆశనూ వాడుకునే ఇలాంటి సందేశాలు తరచూ తిరుగుతుంటాయి. ప్రభుత్వ పథకానికి వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును (యాప్‌ను నేరుగా ఫోన్‌లోకి ఎక్కించే ఫైలు) ఎప్పుడూ ఇన్‌స్టాల్ చేయకూడదు. అది మీ ఎస్సెమ్మెస్‌లను చదివి బ్యాంకు ఓటీపీలను దొంగిలించగలదు. ఇప్పటికే వేసుకుని ఉంటే వెంటనే మొబైల్ డేటా, వైఫై ఆపి, సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితా నుంచి దాన్ని తొలగించండి; వేరే ఫోన్ నుంచి మీ బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతాలో లావాదేవీలు ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఏమాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి, లావాదేవీ సంఖ్య, సమయం, మొత్తం చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును అవతలి ఖాతాలో నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ.