అసూయపడే ప్రతినాయకుడిపై జాలి ఎలా కలుగుతుంది?

ప్రశ్న: మా ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చేసే ఇద్దరు పనివాళ్ల కథను లఘుచిత్రంగా తీయాలని రాసుకున్నాను. చిన్నవాడి పనితనాన్ని ఓర్వలేని పెద్దవాడు ప్రతినాయకుడు. అతనికి పేదరికాన్నీ, తల్లి లేని బాల్యాన్నీ పెట్టినా చదివినవారెవరూ జాలిపడడం లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మీరు అతని కష్టాలు చెప్పారు గాని, అతడు ఎదుటివాడి పనిలో ఏం చూశాడో చెప్పలేదు. పనితనం తెలిసినవాడికే పక్కపీట మీది పనివాణ్ణి చూస్తే కడుపుమంట.

భారతంలో రాజసూయానికి వచ్చిన కానుకలను అందుకునే పనిని ధర్మరాజు దుర్యోధనుడికే అప్పగిస్తాడు. ఆ రత్నరాశులను అందుకోలేక తన చేతులు అలసిపోయాయని అతడు తరువాత తండ్రితో చెప్పుకుంటాడు. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ మూలంగా మనవారికి మయసభలోని పరాభవమే ఎక్కువ గుర్తు. నాకు మాత్రం దాయాది సిరిని స్వయంగా మోసి అలసిన ఆ చేతులే ఎక్కువ జాలిగొలుపుతాయి.

1984లో వచ్చిన ‘అమెడియస్’ సినిమాలో పాశ్చాత్య సంగీత స్వరకర్త మొజార్ట్ భార్య తెచ్చిన స్వరలిపి ప్రతులను ఆస్థాన స్వరకర్త సాలియేరి తిరగేస్తాడు. అవి తొలి ప్రతులే అయినా ఎక్కడా కొట్టివేత ఉండదు. చదువుతుండగానే సంగీతం అతని చెవుల్లో మోగి, కాగితాలు చేతుల్లోంచి జారిపోతాయి. మొజార్ట్ విలువ అందరికన్నా బాగా తెలిసినవాడే అతనికి శత్రువవుతాడు. (సాలియేరి మొజార్ట్‌ను చంపాడనడానికి చరిత్రలో ఆధారం లేదు, అది వేరే సంగతి.) ఆ పాత్రధారి ఎఫ్. ముర్రే అబ్రహాంకు ఉత్తమ నటుడిగా ఆస్కార్ రావడంలో వింత లేదు.

మీ కథలో చిన్నవాడు చేసిన కొంగబొమ్మను బేరగాడు ఒడియాలో ధర తగ్గించమని అడుగుతాడు, దుకాణదారు నునుపు బాగుందంటాడు. పెద్దవాడొక్కడే దాన్ని వెలుతురుకెత్తి, మెడ వంపు మీద బొటనవేలు నడిపి, ఎక్కడా ఆకురాయి గీత తగలకపోవడం గమనించి, మాట్లాడకుండా కింద పెట్టాలి. ఆ తరువాత అతడే దాన్ని విరగ్గొడితే, దాని విలువ తెలిసిన ఏకైక మనిషి చేతిలోనే అది పోయిందని ప్రేక్షకుడికి బోధపడుతుంది. అతణ్ణి క్షమించనక్కరలేదు, జాలి వేరు, క్షమ వేరు. చివర్లో పశ్చాత్తాపపు కన్నీళ్లు పెట్టించారా, మళ్లీ మొదటికొస్తుంది. బాల్యపు సన్నివేశాలను మాత్రం మొహమాటం లేకుండా తీసేయండి, నిడివి కూడా కలిసొస్తుంది.