మనవరాలి మిషన్ వాత్సల్య దరఖాస్తు వెనక్కొస్తే

ఆసరా కావాల్సిన పిల్లలకు నెలనెలా డబ్బు సాయం చేసే ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్యకు మనవరాలి కోసం పెట్టిన దరఖాస్తు వెనక్కొచ్చిందన్నారు. ఆదాయ పత్రం చనిపోయిన మీ అబ్బాయి పేరు మీద పెట్టానన్నారు కదమ్మా, బహుశా అక్కడే ఆగింది.

1. ఇప్పుడు పాపను సాకుతున్నది మీరు. అందుకే ఆదాయ పత్రం మీ పేరు మీద కొత్తగా తీయించండి. చాలామంది తాతలు, నానమ్మలు పొరబడేది ఇక్కడే. ఆదాయం ఏడాదికి పల్లెలో 72,000, పట్టణంలో 96,000 రూపాయలు దాటకూడదు.

2. తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, మీ ఆధార్, పాప ఆధార్, పాప స్టడీ సర్టిఫికెట్, పాస్‌బుక్ జిరాక్స్ జతచేయండి.

3. ఎమ్మార్వో ఆఫీసులో కాదు, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వండి.

మంజూరైతే నెలకు 4,000. పాప బడి మానకుండా చూసుకోండి. ఆఫీసు ఎక్కడో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి అడగండి, మొహమాటపడకండి. అది పాప హక్కు.