చిన్నోడికి, కారు గురించి

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు పాతిక లక్షలకి సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ చూసుకున్నావట, వచ్చే వారం అడ్వాన్సు ఇస్తావట. ముందుగా ఒక మాట. నాకు చాలా గర్వంగా ఉందిరా. ఆటోనగర్‌లో ఊరి వాళ్ళ బండ్ల కింద పడుకుని బతుకంతా గడిపినవాణ్ణి నేను. నా తమ్ముడి కొడుకు అలాంటి బండి తాళం చేతిలో పట్టుకుంటానంటే సంతోషించనా?

కానీ ఎందుకు కొంటున్నావో కూడా మీ అమ్మ చెప్పింది. సంబంధాలు వస్తున్నాయి, పోతున్నాయి, ఒక్కటీ కుదరడం లేదు, "మంచి కారుంటే మనల్ని చూసే చూపే మారిపోతుందమ్మా" అన్నావట. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదువు.

ముందు బండి సంగతి. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, చలాన్లు, పాత అప్పు తీరితే ఫారం 35, పేరు మార్పుకి ఫారం 29, 30, ఇవన్నీ నీకే బాగా తెలుసు. నీకు తెలియనిది నీళ్ళ సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో కార్లు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. 2020 అక్టోబరు వానలకి మీ హైదరాబాదులో మునిగినవి సరేసరి. అలాంటి బండ్లని కడిగి, ఆరబెట్టి, పాలిష్ కొట్టి, వేరే ఊళ్ళో అమ్మకానికి పెడతారు. మెరుపు చూసి మోసపోకు. సీటు బెల్టు పట్టుకుని ఇక రాదు అనేదాకా లాగు. మునిగిన బండైతే ఆ చివరి జానెడు బట్ట మీద బురద చార కనిపిస్తుంది, అంత లోపలికి ఎవడూ కడగడు. సీటు కింద పట్టాలకి తుప్పుందా చూడు. డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్టెప్నీ గుంటలో వేలు పెట్టి రాసి చూడు. వైరింగ్ కనెక్టరు ఒకటి విప్పమను. లోపల ఆకుపచ్చ పొడి కనబడిందా, ఇంకో మాట మాట్లాడకుండా ఇంటికి వచ్చెయ్.

నువ్వు చూసింది డీజిల్ బండి అన్నావట. ఆ ఇంజన్లో టైమింగ్ చైను వెనకవైపు, గేర్‌బాక్సు పక్కన ఉంటుంది. అది మోగడం మొదలుపెడితే గేర్‌బాక్సు దించితే తప్ప చెయ్యి పెట్టడానికి ఉండదు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి విను. వేడెక్కించి ఉంచిన బండిని చూపిస్తే ఒప్పుకోకు. ఆ బండ్లకి చాలావాటికి రన్‌ఫ్లాట్ టైర్లు, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచేవి, వస్తాయి, స్టెప్నీయే ఉండదు. ఆ టైరు ఒక్కటి ఎంతో కనుక్కుని, నాలుగింటికి లెక్క వేసుకో.

లెక్క అన్నాను కాబట్టి ఇదీ చూడు. అయిదు లక్షలు చేతినుంచి పెట్టి, ఇరవై లక్షలు నూటికి పన్నెండు వడ్డీకి అయిదేళ్ళకి తీసుకున్నావనుకో. నెలకి 44,500 దాకా కట్టాలి. అరవై నెలలు తిరిగేసరికి ఆ ఇరవై లక్షలకి నువ్వు కట్టింది 26 లక్షల 70 వేల దాకా అవుతుంది. ఈ లోపు బండి విలువ నీ అప్పు కన్నా ముందు పరిగెత్తి దిగిపోతుంది. కొత్త కారుకే ఇన్సూరెన్సు వాళ్ళు కట్టే విలువ నాలుగేళ్ళు దాటితే సగానికి వస్తుంది. నువ్వు కొనేది ముందే పాతది. పెళ్ళి కుదిరాక ఆ పిల్లతో కాపురం పెట్టేటప్పుడు కూడా నీ జీతంలోంచి ఈ 44 వేలు పోతూనే ఉంటాయి. అది ఆ పిల్లకి ముందే చెబుతావా? చెబుతానంటే నాకేం అభ్యంతరం లేదు.

నువ్వు మీ అక్కకి పంపిన మెసేజీ నాకూ చూపించింది. 2010లో బ్రిటన్‌లో వచ్చిన పరిశోధన, ఒకే మనిషిని బెంట్లీ కాంటినెంటల్‌లో కూర్చోబెట్టి ఒక ఫొటో, ఫోర్డ్ ఫియస్టాలో కూర్చోబెట్టి ఒక ఫొటో ఆడవాళ్ళకి చూపిస్తే, బెంట్లీలో ఉన్నవాడే అందగాడన్నారట. నేను కాదనను. నిజమే అయి ఉంటుంది. కానీ మీ అక్క మరుసటి ఏడు అమెరికాలో వచ్చిన ఇంకో పరిశోధన కూడా వెతికి చదివి వినిపించింది. అందులో ఒకడు పోర్షా బాక్స్‌టర్ కొన్నాడు, ఇంకొకడు హోండా సివిక్ కొన్నాడు అని చెప్పి ఆడవాళ్ళని అడిగారు. నాలుగు రోజులు కలిసి తిరగడానికైతే పోర్షా వాడివైపే మొగ్గారు. పెళ్ళి చేసుకోవడానికి అని అడిగితే మాత్రం పోర్షా వల్ల వాడికి వీసమెత్తు కలిసి రాలేదు. మరి నువ్వు వెతుకుతున్నది దేనికిరా?

పుస్తకాల సంగతి అలా ఉంచు. ఇప్పుడు రాయబోయేది మీ నాన్న నీకు ఎన్నడూ చెప్పి ఉండడు. రాయనా అని మీ అమ్మని అడిగితే, "రాయండి బావగారూ, వాడికి తెలియాలి" అంది.

1989. మీ నాన్న అప్పుడు స్పేర్ పార్టుల కొట్లో లెక్కలు రాసేవాడు. మనిషి చక్కనివాడు, మాట నెమ్మది. అయినా వచ్చిన సంబంధం వచ్చినట్టే వెనక్కి పోయేది. మూడెకరాల పొలం, ఇద్దరు కొడుకులు, ఒకడు మెకానిక్కు, ఒకడు గుమస్తా. పిల్లనివ్వడానికి అందరూ వెనకాడేవాళ్ళు. కారుంటే వాళ్ళే వెతుక్కుంటూ వస్తారని ఎవరో మీ నాన్న చెవిలో వేశారు. అది పట్టుకుని మీ తాతయ్య ప్రాణం తీశాడు. చివరికి కాలవ గట్టు మీద అరెకరం అమ్మించి, సెకండ్ హ్యాండ్ కాంటెస్సా తెచ్చాడు.

తెల్ల కాంటెస్సా. ఆ రోజుల్లో మన వైపు కాంటెస్సా అంటే ఏ రైసు మిల్లు వాళ్ళ గుమ్మంలోనో కనబడేది. అది మన వీధి మలుపు తిరుగుతుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. నేను బానెట్ ఎత్తి చూశాను. మొదట్లో వచ్చిన మోడలు, లోపల ఉన్నది అంబాసిడర్లో ఉండే 1489 సీసీ ఇంజనే. అంత ఒళ్ళు లాగలేక ఆయాసపడేది. ఊళ్ళో లీటరుకి ఎనిమిది కిలోమీటర్లకి మించి నేనెప్పుడూ చూడలేదు. ఆ మాట చెబితే మీ నాన్న, "పెళ్ళయ్యేదాకా నడిస్తే చాలన్నయ్యా" అన్నాడు.

గుడివాడ దగ్గర మీ అమ్మమ్మగారి ఊరికి పెళ్ళిచూపులకి ఆ కారులోనే వెళ్ళాం. దిగీ దిగకముందే పిల్లలంతా చుట్టూ మూగారు. మీ మేనమామలిద్దరూ మమ్మల్ని లోపలికి రమ్మని, వాళ్ళు మాత్రం కారు దగ్గరే ఉండిపోయారు. చిన్నవాడు డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. మేము కాఫీలు తాగి లేచేసరికి సంబంధం ఖాయమైపోయింది. చూశావా, కారు పని చేసింది. పని చెయ్యదని నేను నీకు ఎప్పుడూ చెప్పను.

అల్లుడు కారున్నవాడు కదా, అందుకు తగ్గట్టు పెళ్ళి చెయ్యాలని మీ అమ్మమ్మగారింటి తాతయ్య ఎకరం తాకట్టు పెట్టాడు. ఊరంతటికీ భోజనాలు పెట్టాడు. ఆయన అలా చేశాడని మాకు తెలియదు. మనకి ఉందనుకుని ఆయన, ఆయనకి ఉందనుకుని మనం. పెళ్ళయిన నాలుగో నెలలో పెట్రోలు పొయ్యలేక, టైర్లు మార్చలేక, మీ నాన్న దాన్ని వచ్చినకాడికి అమ్మేశాడు. అత్తవారికి చెప్పడానికి ముఖం చెల్లలేదు.

మొదటి సంక్రాంతి వచ్చింది. కొత్త అల్లుడు కారులో వస్తాడని అక్కడ వీధిలో అందరూ చూస్తున్నారు. వీళ్ళిద్దరూ ఆర్టీసీ బస్సు దిగి, పెట్టె రిక్షాలో వేసుకుని వెళ్ళారు. గుమ్మంలోనే మీ మేనమామ "కారేదక్కా?" అని అడిగాడట. మీ నాన్న నోరు తెరిచేలోపే మీ అమ్మ, "షెడ్డులో ఉందిరా, బావగారు రిపేరు చేస్తున్నారు" అంది. కాపురానికి వచ్చి ఆరు నెలలు కూడా నిండని పిల్ల, మొగుడి పరువు కోసం కన్నవాళ్ళ దగ్గర అబద్ధమాడింది.

పండగైన వారానికి మీ అమ్మమ్మగారింటి తాతయ్య నా షెడ్డుకి వచ్చాడు. చేతిలో అరిసెల డబ్బా. "బండి ఎప్పటికవుతుంది బాబూ?" అంటూ నాలుగు పక్కలా చూశాడు. రెండు అంబాసిడర్లు, ఒక జీపు, పైన బాడీ లేని లారీ ఛాసిస్ ఒకటి. తెల్ల కాంటెస్సా లేదు. ఆ పెద్దాయన ముఖం చూసి నాకు బొంకడానికి నోరు రాలేదు. "పండక్కి ముందే అమ్మేశాడండీ" అన్నాను. ఆయన అక్కడే పాత టైరు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. చాలాసేపటికి, "నాకు తెలిసిందని అమ్మాయికి చెప్పకు బాబూ, పిల్ల సిగ్గుపడుతుంది" అని, డబ్బా నా చేతికిచ్చి, బస్సు కోసం నడిచి వెళ్ళిపోయాడు.

తండ్రికి తెలుసునని మీ అమ్మకి తెలియదు. చెప్పానని మీ నాన్నకి తెలియదు. ఆయన పోయేదాకా పండగ పండక్కీ ఆ ఇంట్లో అందరూ కారు మాట రాకుండా మసులుకున్నారు. తాకట్టు పెట్టిన ఎకరం విడిపించడానికి మీ మేనమామలు ఏళ్ళ తరబడి కష్టపడ్డారు.

మొన్న ఫోన్లో మీ అమ్మ ఏమందో తెలుసా? "కారు ఏ రంగో కూడా నేను చూడలేదు బావగారూ. నేను లోపలే ఉన్నాను కదా. కాఫీ ఇస్తుంటే ఆయన చెయ్యి వణికింది, సాసరులో ఒలికింది. తలెత్తి 'సారీ అండీ' అన్నారు. అది చూసే ఒప్పుకున్నాను." ఇది మీ నాన్నకి ఎన్నోసార్లు చెప్పిందట. ఆయన ఇప్పటికీ నమ్మడు. కారు చూసే పిల్లనిచ్చారని, ఆ పిల్లని తను మోసం చేశానని, ఇన్నేళ్ళుగా మనసులో పెట్టుకునే ఉన్నాడు. నాకు నీ విషయంలో ఉన్న భయం ఇదొక్కటేరా. ఆ కారు పెట్టుకుని నువ్వు ఏ పిల్లని చేసుకున్నా, నిన్ను చూసి వచ్చిందా, బండిని చూసి వచ్చిందా అన్న అనుమానం నీ పక్కలో పడుకుంటుంది. ఆ పిల్ల ఎంత మంచిదైనా సరే.

సంబంధాలు కుదరడం లేదని నువ్వు చిన్నబుచ్చుకోవడం నాకు తెలుసు. బయోడేటాలో ప్యాకేజీ, సొంతిల్లు, కారు అడిగేవాళ్ళు ఉన్నారు, లేరని చెప్పను. మీ అక్క మాత్రం ఒక మాట అంది. "ఇప్పుడు అమ్మాయిలకీ జీతాలున్నాయి నాన్నా, కారు కావాలంటే వాళ్ళే కొనుక్కుంటారు. ఇంటికొచ్చాక ఏం మాట్లాడతాడు, వాళ్ళ అమ్మానాన్నల దగ్గర ఎలా ఉంటాడు, అదే చూస్తారు." మీ అమ్మకి మోకాలి ఆపరేషనైనప్పుడు నెల రోజులు ఇంటి నుంచి పని చేస్తూ ఆవిణ్ణి బాత్రూముకి నడిపించింది నువ్వే కదరా. ఆ సంగతి ఏ పెళ్ళిళ్ళ పేరయ్యకైనా చెప్పావా? పెళ్ళిచూపుల్లో ఫోను చూసుకుంటూ కూర్చున్నావని మాత్రం నాకు కబురొచ్చింది. అది మానెయ్. ఆ పిల్ల ఏం చదివింది, ఏం పని చేస్తోంది అని అడుగు, చెబుతుంటే విను.

ఇంకొకటి, దీనికి నా మీద కోపం తెచ్చుకోకు. పెద్ద బండి ఉంటే స్నేహితులు ఎక్కుతారు, "ఎంత లాగుద్దో చూద్దాం రా" అంటారు. హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ నుంచి నందిగామ దాకా నుజ్జయిన బండ్లు నా షెడ్డుకి ఎన్ని వచ్చాయో. సీట్ల మీద చెప్పు ఒక్కటే మిగిలి వచ్చినవి కూడా. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ అంతటివాడు మెర్సిడెస్‌లో వెనక సీట్లో కూర్చుని పోయాడు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. వెనక కూర్చున్నా బెల్టు పెట్టుకో. అర్ధరాత్రి బయల్దేరడం ఏ కారులోనైనా వద్దు.

నీకు బండి మీద నిజంగా మనసుంటే, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నడిపి సంతోషపడతాననుకుంటే కొనుక్కో. నేనే వచ్చి నిమ్మకాయలు పెడతాను. పెళ్ళి కోసమైతే మాత్రం ఆ అయిదు లక్షలు బ్యాంకులోనే ఉంచు.

నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు బాలానగర్‌లో సొంత షెడ్డు పెట్టుకున్నాడు, స్కానరు కూడా ఉంది. నంబరు మీ అమ్మకి ఇచ్చాను. ఎటూ తేల్చుకోలేకపోతే బండిని అతని దగ్గరికి పట్టుకెళ్ళు, నా పేరు చెప్పు, డబ్బు తీసుకోడు. అతను లిఫ్టు మీద చూసి నాకు ఫోన్ చేసేదాకా వాళ్ళకి ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
నీ పెదనాన్న